పదిహేనో అధికరణం, బగారన్నం

మన రాజ్యాంగంలో హోటల్ ప్రస్తావన ఉందని ఎంతమంది హోటల్ ఓనర్లకు తెలుసో గానీ, ఉంది. పదిహేనో అధికరణం, రెండో క్లాజు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిలో ఏదో ఒకటి సాకు చూపి దుకాణంలోకి, పబ్లిక్ రెస్టారెంట్‌లోకి, హోటల్లోకి, వినోదశాలలోకి ఎవరినీ రాకుండా ఆపొద్దని రాశారు. ఆ వెంటనే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు వస్తాయి. ఇంత పెద్ద దేశాన్ని నడిపే పుస్తకంలో చాయ్ హోటల్‌కు చోటెందుకని అడిగేవాళ్లు బరోడా సంగతి తెలుసుకోవాలి.

1917లో అంబేద్కర్ కొలంబియా యూనివర్సిటీలో, లండన్‌లో చదివి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. హిందూ హోటళ్లలో గది ఇవ్వరని ముందే తెలుసు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని, రోజుకు రూపాయిన్నర అద్దెకు దిగారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకుని ఒక గుంపు వచ్చింది. సాయంత్రానికల్లా ఖాళీ చేయాలన్నారు. ఒక హిందూ మిత్రుణ్ని అడిగారు, ఒక క్రైస్తవ మిత్రుణ్ని అడిగారు. ఇద్దరి ఇళ్లలోనూ కుదరలేదు. పార్కులో కూర్చుని, రాత్రి బొంబాయి రైలెక్కారు. ఇదంతా తర్వాత ఆయనే రాసుకున్నారు. ముసాయిదా కమిటీకి అధ్యక్షుడైన మనిషికి హోటల్ గడప అంటే ఏమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఏప్రిల్ వచ్చిందంటే వికారాబాద్‌లో, తాండూరులో జయంతుల వరస మొదలవుతుంది. 5న జగ్జీవన్ రామ్, 11న ఫూలే, 14న అంబేద్కర్. విగ్రహం దగ్గర టెంటు, మైకు, నీలిజెండాలు, పూలదండలు, ఉపన్యాసాలు, చివర్లో భోజనం. నా కాలమ్ ఆ చివర్న వచ్చేదాని గురించే. పేపర్లో మరునాడు దండ వేసినవాళ్ల పేర్లు వరసగా వస్తాయి. అన్నం ఎట్లుందో, ఎవరు వండారో, ఎవరు ఎవరి పక్కన కూర్చుని తిన్నారో ఒక్క ముక్క ఉండదు. నాకు వార్త అదే అనిపిస్తుంది.

వందలమందికి వండటం ఇంట్లో వంటను వందతో హెచ్చవేస్తే వచ్చేది కాదు. ఎసరు లెక్కే మారిపోతుంది. ఇంట్లో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోసేవాళ్లు, పెద్ద గంజులో అదే లెక్కన పోస్తే అన్నం కాదు, సంకటి దిగుతుంది. అంత పెద్ద గంజులో ఆవిరి తొందరగా బయటికి పోదు, ఆ వేడికే బియ్యం సగం మగ్గుతుంది. అందుకే నీళ్లు తగ్గిస్తారు. నూనెలో షాజీరా, లవంగం, దాల్చినచెక్క, బగార ఆకు వేగాక ఉల్లిగడ్డ ఎర్రబడాలి. తర్వాత అల్లంవెల్లిగడ్డ, పుదీన, పచ్చిమిర్చి. ఎసరు మసలాక ఉప్పు చూస్తారు. ఆ నీళ్లు నాలుకకు కొంచెం ఎక్కువ ఉప్పగా తగలాలి, ఎందుకంటే ఇంకా బియ్యం పడాలి. బియ్యం పడ్డాక మాస్టరు మాట్లాడడు. నీళ్లు ఇంకే వేళకు కట్టెలు లాగేసి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పోస్తాడు. ఇక ఎవరొచ్చి ఆకలి అన్నా మూత తీయడు. మంత్రిగారు వస్తున్నారని ఉపన్యాసాన్ని సాగదీయవచ్చు, దమ్‌ను సాగదీయలేం. అడుగంటుతుంది.

బగారన్నానికి జోడీ దాల్చా. హైదరాబాద్‌లో దీన్ని ఎక్కువగా శనగపప్పుతో చేస్తారు, కానీ తాండూరు మనిషికి కందిపప్పు మీద పట్టుదల ఉంటే తప్పు పట్టను. తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తొందరగా ఉడుకుతుంది, వండింది ఎక్కువసేపు పాడవదు అని ఇక్కడివాళ్ల ధీమా. ఏప్రిల్ ఎండలో, టెంటు కింద, ఉపన్యాసాలు అయిపోయేదాకా నిలవాల్సిన పప్పుకు ఈ రెండో గుణమే ముఖ్యం. ఆనిగెపుకాయ ముక్కలు, చింతపులుసు, దొరికితే మటన్ బొక్కలు.

దొరికితే అన్నాను గానీ చాలాచోట్ల ఆ రోజు బొక్కలు వేయరు. అందరూ తినాలి కదా, శాకాహారమే పెడదాం అంటారు. మర్యాద గల మాటే. కానీ మన ఊళ్లలో పండగకు మాంసం వండుకునేవాళ్లే ఎక్కువ. మరి ఈ ‘అందరూ’ అన్నప్పుడు లెక్కలోకి వచ్చేది ఎవరు? రాని నలుగురి కోసం వచ్చే నాలుగొందల మంది పులిహోర తిని వెళ్లాలా? పులిహోర మీద నాకు కోపం లేదు. వండుతున్నవాళ్లు తమ పండగ వంటను తామే దాచుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

నాయకుడి పేరూ తిండీ ఒకదాన్నొకటి ఎట్లా వదిలేస్తాయో చూడాలంటే మెక్సికోవాళ్ల సంగతి కూడా చెప్పుకోవచ్చు. బెనీటో హువారెజ్ అని వాళ్లకొక నాయకుడు. 1806 మార్చి 21న వహాకా కొండల్లో, సాపొతెక్ ఆదివాసీ కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు. స్పానిష్ రాని వయసులో నడుచుకుంటూ పట్నం చేరాడు. అక్కడ ఒక పెద్దింట్లో అతని అక్క వంటమనిషి. ఆ వంటింటి దారినే నిలదొక్కుకుని లాయరయ్యాడు, తర్వాత ఆ ఇంటి అమ్మాయినే పెళ్లాడాడు, దేశాధ్యక్షుడయ్యాడు. చర్చికీ సైన్యానికీ ఉన్న ప్రత్యేక న్యాయహక్కులకు కత్తెర వేసిన 1855 చట్టం ఇతని పేరు మీదే ఉంది. ఇప్పటికీ మార్చి మూడో సోమవారం అక్కడ ఇతని పేరిట సెలవు.

ఇతను అధ్యక్షుడిగా ఉండగానే, 1862 మే 5న ప్యూబ్లా దగ్గర మెక్సికో సైన్యం ఫ్రెంచి సేనను ఓడించింది. ఆ తేదీన ఇవాళ అమెరికాలోని మెక్సికన్ రెస్టారెంట్లలో పెద్ద పార్టీ. అక్కడున్న మన పిల్లలు కూడా ఆ సాయంత్రం వెళ్లి టాకోలు తినే ఉంటారు. అది మెక్సికో స్వాతంత్ర్య దినం అనుకునేవాళ్లు బోలెడు మంది, నిజానికి స్వాతంత్ర్య దినం సెప్టెంబర్ 16. అంటే అక్కడ తిండి మిగిలింది, చరిత్ర జారిపోయింది. మన దగ్గర తిరగబడింది. నాయకుడు ఫ్లెక్సీ మీద నిలువెత్తున ఉన్నాడు, తిండిని పట్టించుకునేవాడు లేడు. మన దాల్చాలోని మిరపకాయ మొదట మెక్సికో వైపు నేలది, పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. ఆ మాత్రం చుట్టరికం ఉంది కాబట్టి పోల్చాను.

తిండిని పట్టించుకోవాలని ఎందుకంటున్నానంటే, అంబేద్కర్ పోరాటంలో అది పక్కకు పెట్టే సంగతి కాదు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగినందుకు మూక దాడి చేసినప్పుడు, పందిట్లో భోజనాల దగ్గరున్నవాళ్లను కొట్టారు, వండిన అన్నాన్ని మట్టిపాలు చేశారు. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం కూడా హోటల్లోకి రానివ్వకపోవడం ఒక్కటే కాదు, అక్కడి గిన్నెలూ గ్లాసులూ వాడనివ్వకపోవడం కూడా నేరమంది. గ్లాసును చట్టంలో రాయాల్సి వచ్చిందంటే ఆ గ్లాసు ఎన్ని చోట్ల చూరుకు వేరేగా వేలాడి ఉండాలి!

14న విగ్రహానికి దండ వేయడానికి అన్ని కులాలవాళ్లూ వస్తారు, అది మంచిదే. మజ్జిగ గ్లాసు కూడా తీసుకుంటారు. ఇస్తరి వేసేసరికి చాలామందికి వేరే ప్రోగ్రాం గుర్తొస్తుంది. కలిసి తిన్నంత మాత్రాన కులం పోదని, అసలు మందు కులాంతర వివాహమేనని ‘కులనిర్మూలన’లో 1936లోనే ఆయన తేల్చేశారు. ఆయన చాలదన్న మెట్టు దగ్గరే మనం చెప్పులు వెతుక్కుంటున్నాం.

నేను కోరేది చిన్నది. ఆ రోజు భోజనం రోడ్డు మీది టెంటులోనే ఎందుకు? తాండూరులో, వికారాబాద్‌లో స్టేషన్ రోడ్డు హోటళ్లు, బస్టాండు హోటళ్లు ఆ మధ్యాహ్నం తమ టేబుళ్ల మీద, తమ గ్లాసులతో, బగారన్నం దాల్చా వడ్డించాలి. ఉచితంగా అక్కర్లేదు, రోజూ తీసుకునే ధరే తీసుకోనీ. ఉచితమంటే పెట్టేవాడు, తీసుకునేవాడు అని మళ్లీ రెండు వరసలు మొదలవుతాయి. డబ్బిచ్చి కూర్చున్నవాడు గిరాకీ, అంతే. రేట్ల బోర్డు పక్కన ఆ రెండో క్లాజు తెలుగులో, ఉర్దూలో, తాండూరులోనైతే కన్నడంలో కూడా రాయించి పెట్టొచ్చు. టెంటు వేసేవాళ్లు ఫ్లెక్సీ మీద దాతల ఫొటోలు నాలుగు తగ్గించి, వంట మాస్టర్ల పేర్లు, ఉల్లిగడ్డ కోసిన ఆడవాళ్ల పేర్లు వేయాలి.

ఏ హోటలైనా ఒప్పుకుంటే నేను ఒంటిగంటకల్లా వెళ్లి కూర్చుంటాను. రెండు దాటితే దాల్చాలో పులుసు తప్ప బొక్క దొరకదు.