కల్పభేదము – అసిమోవు కథాలోకములు

మన పురాణములలో ఒకే కథ రెండు తావుల రెండు విధములుగా కనబడినప్పుడు మన పండితులు కలత చెందరు. కల్పభేదమని ఒక్క మాట చెప్పి ముందునకు సాగుదురు. ఈ కథ ఒక కల్పమున జరిగినది, ఆ కథ వేరొక కల్పమున జరిగినది, రెండును నిజమే, ఒకదానితో నొకటి పొసగవలసిన పని లేదని వారి తాత్పర్యము. ఈ సమాధానమును విని నవ్వువారు మనలో పెక్కుమంది కలరు. మేమును నవ్వినవారమే. కాని అమెరికా దేశపు విజ్ఞాన కల్పనా కథకుడైన ఐజాక్ అసిమోవు గ్రంథములను వరుసగా చదివిన పిమ్మట, ఆ పాతమాటయందు కథకులు నేర్చుకొనదగిన వివేక మొకటి కలదని మాకు తోచుచున్నది.

అసిమోవు తొలుత రెండు లోకములను వేరువేరుగా కల్పించెను. 1942వ సంవత్సరము మార్చి నెలలో ప్రకటింపబడిన యొక కథలో మరమనుష్యులకు విధింపబడిన మూడు నియమములను స్పష్టముగా చెప్పెను. మరమనిషి మానవునకు హాని చేయరాదు, హాని కలుగుచుండగా చూచుచు నూరకుండరాదు. మానవుని యాజ్ఞకు లోబడవలెను. తన్ను తాను కాపాడుకొనవలెను. ముందుదానికి భంగము కలుగనంతవరకే వెనుకటిది చెల్లును. రెండు నెలలు గడచిన పిమ్మట, అదే పత్రికలో, ఫౌండేషన్ కథలలో మొదటిది వెలువడెను. అందు నక్షత్రమండల మంతయు నిండిన మానవ సామ్రాజ్యము కూలుచుండును. హారీ సెల్డనను శాస్త్రజ్ఞుడు జనసమూహముల నడవడిని గణితముచే ముందుగా లెక్కించి, ముప్పది వేల యేండ్ల యంధకారమును వేయి యేండ్లకు కుదింప యత్నించును. ఆ లోకమున మరమనిషి యొక్కడును లేడు. 1950 మొదలు 1952 వరకు వెలువడిన మరి మూడు నవలలు ఆ సామ్రాజ్యపు పూర్వకాలమునకు చెందినవి. అవి రెండవ లోకమునకు దూరపు చుట్టములే గాని మొదటిదానితో వానికి పొత్తు లేదు.

ఈ యెడమువలన నష్టమేమియు లేకపోవుటయే గాక లాభమే కలిగినది. మరమనుష్యుల లోకమున రచయిత యడిగిన ప్రశ్న గృహమునకు సంబంధించినది: పనియంతయు సేవకులే చేయుచుండగా యజమాని యేమగును? 1957లో గ్రంథరూపమున వచ్చిన ది నేకెడ్ సన్ అను నవలలో సొలేరియా యను గ్రహమున జనులు ఇరువది వేలమంది. ఒక్కొక్కరికి మరమనుష్యులు పదేసి వేలు. అచ్చటివారు ఒకరి సన్నిధిని ఒకరు కూర్చుండుటకు రోతపడుదురు, బొమ్మలలో మాత్రమే చూచుకొందురు. ఆలుమగల కలయికకు సైతము నియమిత దినములు కలవు. దాసదాసీజనముపై బ్రదుకు పెద్దయిండ్ల నెరిగినవారికి ఈ చిత్రము కొత్తది కాదు. ఫౌండేషన్ లోకమున ప్రశ్న వేరు. ముసురుకొను చీకటిలో సామాన్యుడైన మనుష్యుడు తన బుద్ధిచేతనే దారి కనుగొనగలడా యనునది యందలి ప్రశ్న. టెర్మినస్ నగరాధ్యక్షుడైన సాల్వర్ హార్డిన్ యుద్ధము లేకయే తన జనమును గట్టెక్కించిన తీరు చదివినవారు మరువరు. రహస్యముగా ప్రణాళికను కాచెడు రెండవ సంస్థ యొకటి యా మూడు గ్రంథములలో నున్న మాట నిజమే. కాని వారు మానవులు, పొరబడువారు. వారి పెత్తనమును ఒప్పనివారు ఆ కథలోనే కలరు.

ఇట్లు చాలకాలము గడచెను. 1953లో ముగిసిన ఫౌండేషన్ గ్రంథములకు కొనసాగింపు కావలెనని పాఠకులును ప్రకాశకులును ఒత్తిడి చేయగా, అసిమోవు 1982లో ఫౌండేషన్స్ ఎడ్జ్ వ్రాసెను. అది మొదలు 1988 వరకు వెలువడిన నవలలతో తన లోకముల నన్నిటిని ఒక్క చరిత్రగా కుట్టివేసెను.

ఈ కుట్టు కొన్ని తావుల నేర్పుగా పడినది. ఇరువది వేల యేండ్ల చరిత్రలో మరమనుష్యులు కానరాకపోవుటకు కారణము కావలెను గదా! వారిని నమ్ముకొన్న తొలి వలసవారు మూడు నాలుగు వందల యేండ్లు బ్రదుకుచు, సుఖమరిగి క్షీణించిరి. మరమనుష్యులను వలదని భూమినుండి తరలిన పేదవలసవారు నక్షత్రముల నాక్రమించిరి. ఇది సొలేరియా కథనుండి సహజముగా మొలచిన సమాధానము. అతుకని తెలియనీయని యతుకు.

మాకు నచ్చనిది భూమిని గూర్చినది. 1950 నాటి పెబుల్ ఇన్ ది స్కైలో భూమి విషకిరణములతో పాడైన గ్రహము. భూలోకవాసులను తక్కినవారు రోగిష్ఠులని భావించి యంటుటకు జంకుదురు. పరదేశపు పురాతత్త్వజ్ఞుడొకడు ఆ కన్యలలో నొకతెను ప్రేమించి, తన నెత్తురులో నిండిన యసహ్యముతో పెనుగులాడును. అంటరానితనమును గూర్చి యింత నేర్పుగా వ్రాసిన వినోదకథలు తక్కువ. భూమికి ఆ దుర్గతి అణుయుద్ధమువలన కలిగెనని తొలినాటి కథలలో సూచన. అనగా మానవుడు చేసికొన్న కర్మము. అయితే 1985 నాటి రోబోట్స్ అండ్ ఎంపైర్‌లో ఈ కారణము మార్పబడినది. భూద్వేషులు కొందరు కుట్రపన్ని భూమిని విషమయము చేయబూనగా, జిస్కార్డ్ అను మరమనిషి దానిని నెమ్మదిగా జరుగనిచ్చును. భూమి విడిచి జనులు నక్షత్రములకు వ్యాపించినగాని మానవజాతి బాగుపడదని యాతని తలంపు. ఒక్కొక్క మానవునికంటె మానవజాతి మిన్న యను క్రొత్త నియమము దీనికి ఆధారము. తాను చేసినది మేలో కీడో నిశ్చయింపలేక జిస్కార్డు మెదడు నిలిచిపోవును. ఆ ఘట్టము మిక్కిలి గొప్పది. అసిమోవు కడపటి రచనలలో దీనికి సాటి మాకు కనబడలేదు. దానిలోని సత్తువ యంతయు ఆ సంశయమందే యున్నది.

కాని మనస్సుల నెరిగి మార్చు తన శక్తిని తోడిమరమనిషియైన డానీలునకు వారసత్వముగా నిచ్చి జిస్కార్డు గతించుటతో సంశయమును గతించినది. 1986 నాటి ఫౌండేషన్ అండ్ ఎర్త్‌లో డానీలు ఇరువది వేల యేండ్లుగా చాటుననుండి మానవజాతిని నడపుచున్నట్లు తేలును. 1988 నాటి ప్రెల్యూడ్ టు ఫౌండేషన్‌లో ఆతడే చక్రవర్తికి మంత్రి, సెల్డనుచే శాస్త్రము కల్పింపించినవాడు. ఇపుడు వెనుకకు తిరిగి హార్డినును చదువుడు. ఆతని తెలివి ఒక పెద్ద పాలేరు పెంపకమువలె కనబడుట లేదా? పెబుల్ ఇన్ ది స్కైలోని యంటరానివారిని చదువుడు. వారి యవమానము ఎవడో దయాళువు మన మేలుకోరి పెట్టిన శిక్షయైనది. మీ మంచికే యని చెప్పి తరతరములుగా బానిసత్వము నంటగట్టినవారిని చూచిన మనకు ఈ తర్కము రుచింపదు.

గ్రంథకర్త తన సొత్తును తన యిచ్చవచ్చినట్లు కలుపుకొనుట ఆతని స్వాతంత్ర్యమే గదా యని యొక మిత్రుడు మాతో వాదించెను. స్వాతంత్ర్యమే, కాదనము. అయితే పాతకథ అచ్చయిన నాడే పాఠకునిది కూడ నైనది. తేదీలు, గ్రహముల పేర్లు పొసగించుట సులభము. ఒక కథ దేనిని నమ్మి వ్రాయబడినదో దానిని పొసగించుట దుర్ఘటము. 1955లో వెలువడిన ది ఎండ్ ఆఫ్ ఎటర్నిటీ దీనికి సాక్ష్యము. అందు కాలమునకు వెలుపల నివసించు అధికారులు కొందరు చరిత్రను దిద్దుచు, జనులకు ఆపద రాకుండ కాచుచుందురు. ఆ కాపుదల వలననే మానవుడు సాహసము మాని, నక్షత్రముల కేగు వేళ దాటవిడుచును. తుదకు ఆ సంస్థను తుడిచిపెట్టుటయే శ్రేయమని కథ తీర్పు. సంరక్షకుల పెత్తనమును ఇంత తీవ్రముగా ఖండించిన గ్రంథమును ఫౌండేషన్స్ ఎడ్జ్‌లో ఒక పాత్ర ఐతిహ్యముగా స్మరించుచు, ఆ కాలాధికారులు మరమనుష్యులేయని చెప్పును. ఐతిహ్యమని యనుట రచయిత యుంచుకొన్న తలుపుచాటు. అయినను ఖండనమును తెచ్చి ఖండింపబడినవారి వంశావళిలో చేర్చుట మాకు బాధ కలిగించినది.

అసిమోవునకు ఈ యిబ్బంది తెలియకపోలేదు. ప్రెల్యూడ్ టు ఫౌండేషన్ పీఠికలో తన గ్రంథములను కాలక్రమమున పేర్కొనుచు, మొదటినుండి యొకే చరిత్రగా తలపెట్టనందున అవి సంపూర్ణముగా పొసగకపోవచ్చునని నిజాయితీతో ఒప్పుకొనెను. ఆ పట్టికలో ది ఎండ్ ఆఫ్ ఎటర్నిటీ లేదు.

మా యింటి పిన్నవారు ఈ గ్రంథములను చదువబూనినప్పుడు ఆ పట్టిక ననుసరింపవలదని మేము చెప్పితిమి. వ్రాయబడిన క్రమమున చదువుడు; 1957తో ఒకమారు ఆగుడు; ది ఎండ్ ఆఫ్ ఎటర్నిటీని తప్పక చదువుడు; జిస్కార్డు కొరకు రోబోట్స్ అండ్ ఎంపైర్ చదువుడు. అటుపిమ్మటివి తీరికయున్నచో చూడవచ్చును, వేరొక కల్పములోనివిగా.