అంబాసిడర్ లోపలి స్పోర్ట్స్ కారు

1955లో ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ కర్మాగారం నుంచి ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు బయటికొచ్చింది. నేలకు అంటుకున్నట్టుండే ఎత్తు, గుండ్రని వంపులు, గంటకు నూరు మైళ్లకు చేరువయ్యే వేగం దాని సొత్తు. 1962 దాకా లక్షకు పైగా తయారైన ఆ కారును నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో చూసినవాళ్లు అరుదే. దాని ఇంజన్ మాత్రం ఇక్కడివాళ్లకు పాత చుట్టం. మొదటి ఎంజీఏ బానెట్ కింద ఉన్న 1489 సీసీ బి-సిరీస్ ఇంజన్, కలెక్టరు గారి కారుగా, పెళ్లి కారుగా, ఆస్పత్రికి పరుగెత్తిన కిరాయి కారుగా మనం చూసిన అంబాసిడర్‌లోనూ ఉంది.

అంబాసిడర్ అసలు పేరు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. దాని తయారీ సరంజామాను హిందుస్థాన్ మోటార్స్ తెచ్చుకుని, 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ ఉత్పత్తి 2014 మే నెలలో ఆగింది. తొలి బండ్లలో పాతకాలపు సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. కొద్దికాలానికే బి-సిరీస్ వచ్చింది. ఎంజీఏకు రెండు ఎస్‌యూ కార్బురేటర్లు బిగించి 70 హార్స్‌పవర్ దాకా లాగారు. అంబాసిడర్‌కు కంప్రెషన్ తగ్గించి, ఒకే కార్బురేటర్ పెట్టి, 50కి అటూ ఇటూ సరిపెట్టారు. బోరు, స్ట్రోకు, మూడు మెయిన్ బేరింగులు, పోత ఇనుప బ్లాకు మాత్రం రెంటిలోనూ ఒకటే. అందుకే బ్రిటిష్ స్పోర్ట్స్ కారును సాకే విద్య నేర్చుకోవాలనుకునేవాళ్లు విమానం ఎక్కనక్కర్లేదు. జడ్చర్లలోనో సూర్యాపేటలోనో పాత అంబాసిడర్లు విప్పి బిగించిన ఉస్తాద్ దొరికితే చాలు.

ఆ విద్యలో మొదటి పాఠం టాపెట్లు. ఇంజన్‌లో ఎనిమిది వాల్వులు. ఒక్కోదానికీ రాకర్‌కూ మధ్య పదిహేను థౌ, అంటే 0.38 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఏ వాల్వును ఎప్పుడు సరిచేయాలన్నదానికి తొమ్మిది లెక్క ఉంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా దిగినప్పుడు ఒకటోదాన్ని పట్టాలి. ఆరోది దిగితే మూడోదాన్ని, నాలుగోది దిగితే అయిదోదాన్ని. ఏ జత కూడినా తొమ్మిదే. ఒకటి పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని జత కామ్ వీపు మీద నిలుస్తుంది కనుక సందు కచ్చితంగా తెలుస్తుంది. సందులో ఫీలర్ గేజి ఊరికే జారిపోకూడదు, ఇరుక్కుపోకూడదు. లాగితే కాస్త పట్టు తెలియాలి. చాలామంది ఓనర్లు చప్పుడు లేకుండా బిగించమని అడుగుతారు. అది తప్పు. సందు చాలక వాల్వు పూర్తిగా మూసుకోకపోతే మంట దాని అంచునే కాల్చేస్తుంది. చిన్నగా టకటకమనే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల సందు కూడా దాదాపు పదిహేను థౌలే. ఫీలర్ గేజి, రెండు పానాలు, ఒక స్క్రూడ్రైవర్, పాయింట్లు రుద్దడానికి కాస్త గరుకు కాగితం ఉంటే ఒక్క పూటలో బండి గొంతు మారిపోతుంది. కంప్యూటర్ తగిలించి లోపం చదివే కార్ల కాలంలో ఇంత విలువైన విద్య ఇంత చౌకగా చేతికి అందడం గొప్ప విషయం.

ఈ ఇంజన్ పుట్టింది చల్లని దేశంలో. ఇక్కడ మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. బి-సిరీస్‌లో పెట్రోలు లోపలికి వెళ్లే దారి, పొగ బయటికొచ్చే దారి ఒకే పక్కన ఉంటాయి. కార్బురేటర్‌కు కిందే సైలెన్సర్ గొట్టం మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నం బండి ఆపి, చాయ్ తాగి వచ్చేసరికి ఆ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై దారి మూసేస్తుంది. సెల్ఫ్ ఎంత కొట్టినా బండి అందుకోదు. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఓపిక పట్టడమే మన డ్రైవర్లు కనిపెట్టిన మందు. అది నాటు మందే అయినా అందులో భౌతికశాస్త్రం ఉంది.

రేడియేటర్‌కు ఇంకో గండం బోరు నీళ్లు. మన రెండు జిల్లాల్లో చాలా ఊళ్ల బోరు నీళ్లు ఎంత ఉప్పు నీళ్లో, గిన్నె అడుగున పేరుకునే తెల్లని పొర చూస్తే తెలుస్తుంది. అదే పొర రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయడమే మేలు. అది లేకపోతే వాన నీళ్లయినా నయం. బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటును మాత్రం మానుకోవాలి. పొద్దున చల్లని ఇంజన్ కావలసిన వేడి అందుకోక, కాలని పెట్రోలు కలిసి నూనె పలచబడుతుంది, సిలిండర్ బోరు అరుగుతుంది.

బండి నిలిపిన చోట నూనె చుక్కలు కనబడితే కంగారు పడనక్కర్లేదు. క్రాంకు వెనక చివర ఈ ఇంజన్‌కు రబ్బరు సీలు లేదు. తిరుగుతున్న షాఫ్టు మీది మర గాడులు నూనెను తిరిగి లోపలికి తోసేలా చేశారంతే. ఇంజన్ ఆగితే ఓ చుక్క కారుతుంది. ధార కట్టినప్పుడే ఉస్తాద్ దగ్గరికి పోవాలి. గ్రీజు విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. ముందు చక్రాలు తిరిగే కీళ్లకు వెయ్యి కిలోమీటర్లకోసారి గ్రీజు గన్ను పెట్టకపోతే మట్టి చేరి మరలు అరుగుతాయి. చివరికి గుంతలో పడ్డప్పుడు చక్రం పక్కకు ఒరిగిపోయే ప్రమాదం ఉంది.

నడపడం మరో ఆనందం. స్టీరింగ్ పక్కన గేరు, పొడవైన సీటు, ఎంజీఏలో లాగే ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్. రోడ్డు ఎలా ఉందో చక్రం పట్టుకున్న చేతులకు నేరుగా తెలుస్తుంది. ఒకటో గేరుకు సింక్రోమెష్ లేదు. కదులుతున్న బండిని అందులోకి దించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్ వదిలి కాస్త రేజ్ ఇవ్వాలి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. పళ్లు నూరకుండా గేరు పడినప్పుడు కలిగే తృప్తి ఆటోమేటిక్ బండి ఇవ్వలేనిది. ఆ విద్యను పరీక్షించుకోవడానికి శ్రీశైలం దారికి మించింది లేదు. డిండి దాటి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నల్లమల మొదలవుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసే ఉంటుంది కనుక తెల్లవారి బయల్దేరడం మంచిది; ఇంజన్‌కూ చల్లదనం కలిసొస్తుంది. దోమలపెంట దాటి కృష్ణా నది వైపు దిగేటప్పుడు రెండో గేరులోనే ఉండాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. వాటి మీదే భారం వేస్తే వేడెక్కి పట్టు వదిలేస్తాయి.

నడవడానికి నోచుకోని బండి కథ కూడా ఒకటుంది. పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కూడా బ్రిటిష్ కారు తెప్పించుకోవాలనుకున్నాడు. సింహాసనం లాంటి సీటుతో ఆయన చెప్పి చేయించిన రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ 1912లో సిద్ధమైంది. ఆయన 1911లోనే కన్నుమూశాడు. పసుపు రంగు మెరిసే ఆ బండిని హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. దశాబ్దాల పాటు దాన్ని నడిపింది చాలా తక్కువ. అది చూడడానికి అందమైనదే. అయినా ఇంజన్ అనేది తిరగడానికి పుట్టింది. వారానికోసారైనా పది కిలోమీటర్లు తిరిగిన అంబాసిడర్‌కు సీళ్లు ఎండవు, బ్యాటరీ చావదు, ట్యాంకులో తుప్పు పట్టదు.

తుప్పు ముప్పు ఇప్పుడు పెరిగింది. పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించి, కార్బురేటర్ మిశ్రమాన్ని కాస్త చిక్కగా పెట్టించుకోవాలి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా పెట్రోలులో వాల్వ్ సీట్లను కాపాడే సీసం లేదు. కాబట్టి హెడ్ విప్పినప్పుడు గట్టి వాల్వ్ సీట్లు వేయించడం తెలివైన పని.

కాగితాల సంగతీ చూసుకోవాలి. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు; ఆ తర్వాత పునరుద్ధరణకు 5,000. పాత నంబరు ఉన్న బండి ఆ నంబరునే ఉంచుకోవచ్చు. ఆ నమోదుతో రోజువారీ ప్రయాణాలు, కిరాయిలు మాత్రం కుదరవు.

మీ ఇంటి కొట్టంలోనో బావి దగ్గరి రేకుల షెడ్డులోనో టార్పాలిన్ కింద అంబాసిడర్ ఉంటే తుక్కుకు అమ్మకండి. మీ ఊరి పాత ఉస్తాద్‌ను పిలవండి. ఆయన టాపెట్లు సరిచేస్తుంటే ఇంట్లోని పిల్లను గానీ పిల్లవాణ్ని గానీ పక్కన కూర్చోబెట్టి, ఆ తొమ్మిది లెక్కను నోటుబుక్కులో రాయించండి.