సియోలు వాగు, మన మూసీ

దక్షిణ కొరియా రాజధాని సియోలు నడుమ చంగ్యేచన్ అనే వాగు ఉన్నది. 1958లో దానిపై కాంక్రీటు కప్పటం మొదలుపెట్టారు. తరువాత స్తంభాలు నిలిపి పైన రోడ్డు కట్టారు. 2003లో ఆ రోడ్డును కూల్చే పని ఆరంభించి, 2005 నాటికి సుమారు 5.8 కిలోమీటర్ల పొడవున వాగును మరల బయటికి తెచ్చారు. 2024లో తెలంగాణ మంత్రులు, అధికారులు దానిని చూచి వచ్చారు. అప్పటినుండి మూసీ ప్రస్తావన వస్తే ఈ వాగును ఆదర్శంగా చెప్పటం పరిపాటి అయినది. అది ఎంతవరకు తగునో పరిశీలిద్దాం.

వాగు ముచ్చటగానే ఉంటుంది. వేసవిలో దాని గట్టు పక్క వీధులకన్న చల్లన. కాని అందులోని నీరు చాలా భాగం హాన్ నదినుండి మోటార్లతో తోడి, శుద్ధిచేసి విడిచినదే. రోజుకు సుమారు 1,20,000 టన్నులు! కనుక దానిని నది అనటంకన్న పొడుగాటి ఉద్యానవనం అనటమే సబబు. దానికోసం వీధివర్తకులు చోటు వదలి పోవలసి వచ్చింది కూడాను.

నిజంగా మెచ్చుకోదగినది కంటికి కనబడదు. రెండు గట్ల క్రిందా పెద్ద మురుగు కాలువలున్నవి. మామూలు రోజులలో మురుగు వాగులో పడక శుద్ధికేంద్రానికి పోతుంది. కుంభవృష్టి కురిస్తే మాత్రం పొర్లి వాగులో కలుస్తుంది, చేపలు చస్తాయి. చూడవచ్చినవారు జలపాతం ముందు ఫోటో దిగుతారేగాని మురుగు కాలువ ముందు దిగరుగదా!

మూసీ సంగతి వేరు. 1908 వరద తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) వరదతోపాటు మామూలు ప్రవాహాన్నీ ఆపుతున్నవి. వానలు లేని నెలలలో నగరంలో పారేది చాలావరకు మురుగే. 30 డిగ్రీల వేడిమిగల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువైనా కరగదు. మురుగును జీర్ణం చేసే సూక్ష్మజీవులకో, లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాములు కావాలి. ఈ లోటే దుర్గంధానికి మూలం. గట్టుమీద ఎన్ని దీపాలు పెట్టినా అది పూడదు.

కాబట్టి ఏ నాలా మురుగు ఎక్కడ శుద్ధి అవుతుంది, వేసవిలో జలాశయాలనుండి ఎంత నీరు వదలుతారు అన్నవే ముందు అడుగవలసిన ప్రశ్నలు. ఇళ్ళు తొలగించవలసి వస్తే ఆ లెక్క చూపిన తరువాతనే. నగరం దిగువన రైతులు ఈ నీటితోనే గడ్డి పెంచుతున్నారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు మరల నగరానికే వస్తున్నవి.