కష్టమైన పాఠమే నిలవాలి

పాత యుద్ధవిమానం ఫొటో తాళపత్ర ప్రతి లాంటిది. కింద ఉన్న క్యాప్షన్ దానికి ఎవరో రాసిన వ్యాఖ్యానం. చాలాసార్లు మనం వ్యాఖ్యానం చదివేసి ప్రతి చదివామనుకుంటాం.

ఫొటోలో ఉన్నది ఏ విమానం, అందులో ఏ రకం అని గుర్తుపట్టడం కుర్రాళ్ల సరదాలా కనిపిస్తుంది. ఆఫీసులో నా మానిటర్ మీద స్పిట్‌ఫైర్ చూసి "ఇంకా విమానాల బొమ్మలేంటి బాసూ" అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం ఇది సాహిత్యంలో చాలా పాత పని, అంటే పాఠ పరిష్కరణ, ఇంకో చోట కొనసాగుతున్నట్టు అనిపిస్తుంది. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులు సేకరించి, పక్కపక్కన పెట్టి పోల్చి, 1829లో అచ్చు వేయించాడు కదా. ఇక్కడా అంతే. నాలుగు ఫొటోలు పక్కపక్కన పెడతాం. ఎక్కడ తేడా ఉందో చూస్తాం. ఆ తేడా యంత్రానిదా, కెమెరాదా, తర్వాత చెయ్యి పెట్టినవాడిదా అని అడుగుతాం.

ఇదంతా మనకెందుకు అంటే, హైదరాబాద్ పేరు యుద్ధవిమానాల మీదకెక్కి వందేళ్లు దాటింది. నేనుండే బడంగ్‌పేట్ పక్కనే నాదర్‌గుల్ ఎయిర్‌స్ట్రిప్. ఇంకాస్త ముందుకెళ్తే ఆదిబట్ల, అక్కడ అపాచీ హెలికాప్టర్ల బాడీలు, సీ-130జే విమానాల తోక భాగాలు తయారవుతాయి. ఇవన్నీ నిన్నమొన్నటి సంగతులు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా ఇచ్చిన డీహెచ్-9ఏ బాంబర్లు 1918లోనే 110వ స్క్వాడ్రన్‌తో ఫ్రాన్స్ వెళ్లాయి. ఆ స్క్వాడ్రన్ పేరులోనే 'హైదరాబాద్' చేరిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంకో రెండు స్క్వాడ్రన్లకి ఆ పేరు పెట్టారు: స్పిట్‌ఫైర్లు నడిపిన 152, హరికేన్లు నడిపిన 253. 152 చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. దాని నినాదానికి 'నమ్మకమైన మిత్రుడు' అని అర్థం. నిజాంకి బ్రిటిష్ వాళ్లిచ్చిన బిరుదు కూడా అదే. కోస్తా, సీమల వాళ్లు ఇది తెలంగాణ గోల అనుకోనక్కర్లేదు. 234వ స్క్వాడ్రన్ పేరు 'మద్రాస్ ప్రెసిడెన్సీ'.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో 'నిజాం స్పిట్‌ఫైర్' అన్న మాట కింద చేతికందిన స్పిట్‌ఫైర్ ఫొటో పెట్టేస్తుంటారు. స్పిట్‌ఫైర్ అంటే ఒకే విమానం అనుకోవడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. 152వ స్క్వాడ్రన్ ఒక్కటే 1940లో ఇంగ్లండ్‌లోని వార్మ్‌వెల్ నుంచి మార్క్ 1తో పోరాడింది, తర్వాత మార్క్ 2, మార్క్ 5 మీదుగా ఉత్తర ఆఫ్రికా, సిసిలీ, ఇటలీ చూసి, 1943 చివర్లో ఇండియాకొచ్చి, బర్మా పోరులో మార్క్ 8 నడిపింది. ఇంజన్లు మారాయి, ముక్కు పొడవు మారింది. పక్కన రాసిన 'యూఎం' అక్షరాలు మాత్రం చాలాకాలం అవే. అక్షరాలు చదివి 'ఇది 152' అనొచ్చు. ఏ సంవత్సరం, ఏ యుద్ధం అని చెప్పడానికి అవి చాలవు.

అది చెప్పేవి చిన్నచిన్న గుర్తులు. మార్క్ 5 వరకు ప్రొపెల్లర్‌కి సాధారణంగా మూడు రెక్కలు, మార్క్ 8కి నాలుగు. పొగగొట్టాలు మొదటి రకాల్లో పక్కకి మూడు, మార్క్ 8లో ఆరు. కడుపు కింద చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మార్క్ 1, 2, 5లకి ఒక రెక్క కింద పెద్ద రేడియేటర్, రెండో రెక్క కింద చిన్న ఆయిల్ కూలర్. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి చెప్పు వేసుకున్నట్టుంటుంది. మార్క్ 8, 9లకి రెండు పక్కలా సమానమైన పెట్టెలు. ఆ రెండిట్లో ఏది ఏది? మార్క్ 8 తోక చక్రం గాల్లోకి లేచాక లోపలికి ముడుచుకుంటుంది, మార్క్ 9 చక్రం బయటే వేలాడుతుంది. మార్క్ 1కీ మార్క్ 2కీ పైకి కనిపించే తేడా దాదాపుగా ముక్కు కుడి పక్కనున్న చిన్న ఉబ్బు ఒక్కటే. ఫొటో ఎడమవైపు నుంచి తీసిందైతే 'ఒకటో రెండో' అని రాసి ఆగిపోవాలి. ఆ ఆగడం ఈ విద్యలో సగం.

ఇక రంగులు. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనిపించదు, పసుపూ సరిగా కనిపించదు. దాంతో విమానం మీది గుండ్రటి గుర్తులో పసుపు వలయం నల్లగా పడుతుంది, నీలం పాలిపోతుంది. ఆ నలుపు చూసి 'ఇది వేరే దళం గుర్తు' అనుకుంటే మొత్తం చరిత్ర పక్కదారి పడుతుంది. బర్మా వైపు విమానాల గుర్తులో ఎరుపే లేదు. జపాన్ వాళ్ల గుర్తు ఎర్రటి గుండ్రం కాబట్టి, పొరపాటున సొంతవాళ్లే కాల్చేయకుండా ఉండటానికి తీసేశారు. 152 వాళ్లు తమ మార్క్ 8ల మీద ఆ గుర్తుని దాటి దూకుతున్న నల్ల చిరుతపులిని వేసుకున్నారు. కాబట్టి చిరుత ఉండి, గుర్తు మధ్యలో ఎర్రటి చుక్క ఉన్న 'కలర్ ఫొటో' కనిపిస్తే, ఆ ఎరుపు యుద్ధకాలంది కాదు, మన కాలంది.

నా అసలు అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. పాత ఫొటోలకి రంగులేసి, మసకని శుభ్రం చేసే ఏఐ టూల్స్ ఇప్పుడు ఫోన్లలోనే ఉన్నాయి. పరీక్షగా ఒక మార్క్ 5 చిన్న స్కాన్‌ని అలాంటి టూల్‌లో వేసి చూశా. బయటికొచ్చిన బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. మేకులు లెక్కపెట్టొచ్చు. కానీ రెండు రెక్కల కిందా ఒకేలాంటి పెట్టెలొచ్చాయి. చెప్పు పోయి రెండు కాళ్లకీ బూట్లొచ్చాయన్నమాట. ఇందులో వింతేం లేదు, వృత్తిరీత్యా నాకు తెలిసిన సంగతే. మోడల్ ఫొటోలో ఉన్నది వెలికి తీయదు. తాను చూసిన లక్షల బొమ్మల్ని బట్టి, ఇక్కడ ఏది ఉండే అవకాశం ఎక్కువో అది నింపుతుంది. అరుదైనది దానికి మచ్చలా కనిపిస్తుంది, తుడిచేస్తుంది.

మన లేఖకులు కూడా ఇలాగే చేశారు. తెలియని మాట తగిలితే తెలిసిన మాట రాసేశారు. ఛందస్సు కుదిరితే ఎవరికీ అనుమానం రాదు. అందుకే పాఠ విమర్శలో ఒక పాత సూత్రం ఉంది: రెండు పాఠాలున్నప్పుడు కష్టమైనదే మూలానికి దగ్గర అయ్యే అవకాశం ఎక్కువ. తేలికైనదాన్ని కష్టం చెయ్యాలని ఏ లేఖకుడికీ అనిపించదు, కష్టమైనదాన్ని తేలిక చెయ్యాలని అందరికీ అనిపిస్తుంది. పాత ఫొటోల విషయంలో ఈ సూత్రం ఇప్పుడు రెట్టింపు అవసరం. అడ్డదిడ్డంగా కనిపించే ఆ చిన్న ఉబ్బు, ఆ లెక్కతప్పిన పొగగొట్టం, అవే నమ్మదగ్గవి. నున్నగా ఉన్నదాన్ని అనుమానించాలి.

ఇంతా చేసి ఏ మార్కో తెలిస్తే ఒరిగేదేంటి అని అడగొచ్చు. 1948 ఫొటోలు తీసుకోండి. ఆ సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా జరిగిన సైనిక చర్యలో భారత వైమానిక దళం టెంపెస్ట్‌లు హైదరాబాద్ రాజ్యం మీద ఎగిరాయి. మన దళం దగ్గరున్నది టెంపెస్ట్ మార్క్ 2. దాని ముక్కు డ్రమ్ములా గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. యూరప్‌లో 1944 నుంచి పోరాడిన మార్క్ 5కి గడ్డం కింద పెద్ద నోరులాంటి రేడియేటర్ ఉంటుంది. చిన్నపిల్లలు కూడా పట్టేసేంత తేడా. గడ్డం ఉన్న టెంపెస్ట్ ఫొటో కింద 'ఆపరేషన్ పోలో, హైదరాబాద్' అని ఉంటే, ఆ క్యాప్షన్ తప్పు. వాదన అక్కర్లేదు.

ఆ తప్పు ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. విమోచన, విలీనం, ఆక్రమణ అని మూడు మాటలతో ఇప్పటికీ కొట్టుకుంటున్న చరిత్ర అది. రజాకార్ల దౌర్జన్యాలు నిజం. ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండా నిజం. తమ లెక్క తక్కువలో తక్కువ అంటూనే సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు పోయాయని అంచనా వేసింది. ఈ రెండిట్లో ఏ నిజం పక్కన తప్పుడు ఫొటో పెట్టినా, దాన్ని కాదనాలనుకునేవాడికి మనమే ఆయుధం ఇచ్చినట్టు. 'ఫొటోనే ఫేక్, ఇంక కథెంత' అనేస్తాడు. ఫొటో తప్పైతే సంఘటన తప్పైపోదు. కానీ వాదనలో ఆ తేడా నిలబెట్టడం ఎంత కష్టమో అందరికీ తెలుసు.

ఈ విద్యకి ఉన్న లోటు కూడా చెప్పాలి. మేకులు లెక్కపెట్టేవాళ్లు చాలాసార్లు మేకుల దగ్గరే ఆగిపోతారు. నిజాం ఇచ్చిన డీహెచ్-9ఏల్లో ఒకటి ఎఫ్1010. 1918 అక్టోబర్ 5న జర్మన్లకి చిక్కింది, బెర్లిన్ ప్రదర్శనశాలకి చేరింది, రెండో యుద్ధంలో పోలండ్ పోయింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ బదులిచ్చి బ్రిటన్ వాళ్లు వెనక్కి తెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ల రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. ఈ ప్రయాణమంతా చెప్పగలిగినవాళ్లు కూడా, దాని ఒంటి మీద 'నిజాం కానుక' అని రాసిన అక్షరాలని క్యాప్షన్‌లా చూడరు. అది కూడా క్యాప్షనే. ఇచ్చిన చెయ్యి ఎవరిదో చెబుతుంది. ఆ చేతిలోకి డబ్బు ఏ శిస్తుల నుంచి, ఏ ఊళ్ల నుంచి వచ్చిందో చెప్పదు. పొగగొట్టాలు లెక్కపెట్టేంత ఓపికతోనే ఆ ప్రశ్న కూడా అడిగితే అప్పుడది విమర్శ అవుతుంది. లేకపోతే సేకరణ, అంతే.

నేను కోరేది చిన్నది. పాత ఫొటో పంచుకునేవాళ్లు మసకగా ఉన్నా అసలు స్కాన్‌నే ఉంచాలి. రంగులేసింది పెట్టాలనిపిస్తే పక్కన రెండోదిగా పెట్టాలి. క్యాప్షన్‌లో కంటికి కనిపిస్తున్నది ఒక వాక్యం, ఊహించింది ఇంకో వాక్యం. తెలియని చోట తెలియదనే రాయాలి. ప్రతిలో చెదలు తిన్న అక్షరం దగ్గర మంచి పరిష్కర్తలు చుక్కలు పెట్టి వదిలేవాళ్లు. ఆ చుక్కల్ని నమ్మే కదా మిగతా పద్యాన్ని నమ్ముతున్నాం.