నవ్వు ఒకటే, తీర్పులు రెండు: 'కాస్బీ షో' ప్రేక్షకులు ఏమన్నారు?

అమెరికా నల్లజాతి గురించి మనం మాట్లాడుకోవటం కొత్తగాదు. 1972లో బొంబాయిలో మనవాళ్లు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నప్పుడే ఆ చుట్టరికం కలిసింది. అయితే మనం చదివింది ఎక్కువగా వాళ్ల పోరాటాలు, వాళ్ల కవిత్వం. వాళ్ల ఇళ్లలో రాత్రిపూట ఏ టీవీ మోగింది, అది చూసి ఎవరు ఎందుకు నవ్వారు అన్నది పట్టించుకోలేదు. నవ్వులాట సంగతి మనకెందుకులే అనుకున్నాం. అది పొరపాటని చెప్పటానికే ఈ వ్యాసం.

బిల్ కాస్బీ వేదికమీద ఒంటరిగా నిలబడి, ఇంటి కబుర్లు చెప్పి నవ్వించి పేరు తెచ్చుకున్న స్టాండప్ కమెడియన్. ఆయన 'కాస్బీ షో' 1984 సెప్టెంబరులో ఎన్.బి.సి.లో మొదలై 1992 ఏప్రిల్ దాకా నడిచింది. మధ్యలో వరసగా ఐదేళ్లు అమెరికాలో అందరికంటే ఎక్కువమంది చూసిన సీరియల్ అదే. న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఉండే హక్స్‌టబుల్ కుటుంబం కథ. తండ్రి క్లిఫ్ కాన్పుల డాక్టరు, తల్లి క్లెయిర్ లాయరు, వాళ్లకు ఐదుగురు పిల్లలు. అంతకుముందు తెరమీద నల్లవాడంటే ఎక్కువగా పనివాడో, విదూషకుడో, నేరస్తుడో. ఈ ఇంట్లో మాత్రం జాజ్ సంగీతం, గోడలమీద నల్లజాతి చిత్రకారుల బొమ్మలు. కొడుకు గది తలుపుమీద దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు వ్యతిరేకంగా అంటించిన కాగితాన్ని తీసెయ్యమని ఛానెల్‌వాళ్లు అడిగితే కాస్బీ ఒప్పుకోలేదు. ఆ మనిషికి రాజకీయం తెలియక కాదు.

ఈ సీరియల్ చూసినవాళ్లు ఏమనుకున్నారన్న ప్రశ్నతో సట్ జాలీ, జస్టిన్ లూయిస్ అనే ఇద్దరు అధ్యాపకులు మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్నంలో పరిశోధన చేశారు. తెల్లవాళ్లను, నల్లవాళ్లను వేరువేరుగా చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, ఒక భాగం చూపించి, మాట్లాడించారు. అట్లాంటి బృందాలు 52. ఆ పని 1992లో 'ఎన్‌లైటెన్డ్ రేసిజం' అనే పుస్తకంగా వచ్చింది. జ్ఞానోదయమైన జాతివివక్ష అని ఆ పేరుకి అర్థం. పరిశోధనకు డబ్బిచ్చింది కాస్బీ దంపతులే. అయినా పుస్తకం కాస్బీకి భజన చెయ్యలేదు. అది మెచ్చుకోవలసిన సంగతి.

తెల్ల ప్రేక్షకులు ఆ కుటుంబాన్ని నిజంగానే ప్రేమించారు. వాళ్లూ మాలాంటి మనుషులే, చూస్తుంటే నల్లవాళ్లన్న సంగతే గుర్తుకు రాదు అన్న ధోరణిలో చాలామంది మాట్లాడారు. ఇందులో ద్వేషం లేదు. ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది కూడా. కాని ఆ ప్రేమ వెనకాలే ఇంకో మాట నడిచొచ్చింది. క్లిఫ్ డాక్టరు కాగలిగినప్పుడు మిగతావాళ్లు ఎందుకు కాలేరు? దారి అందరికీ తెరిచే ఉంది, నడవనివాళ్లదే తప్పు. కాబట్టి చదువుల్లో ఉద్యోగాల్లో నల్లవాళ్లకిచ్చే ప్రత్యేక అవకాశాలు ఇక అక్కర్లేదు! ఆ రోజుల్లోనే అమెరికా నల్లవాళ్లలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు ప్రభుత్వం గీసిన దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నారు. తెరమీది ఒక్క ఇల్లు తెర బయటి లక్షల ఇళ్లకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది.

నల్ల ప్రేక్షకులు నవ్వింది అవే మాటలకు. తీర్పు మాత్రం వేరు. వివక్ష పోయిందని నమ్మినవాళ్లు కారు వాళ్లు. వీధిలో, ఆఫీసులో రోజూ దాన్ని చూస్తున్నవాళ్లే. అయినా ఇన్నాళ్లకు మమ్మల్ని మనుషుల్లా చూపించారని సంతోషపడ్డారు. జాలీ, లూయిస్‌లు ఇక్కడొక చిక్కును పట్టుకున్నారు. అమెరికా టీవీలో మర్యాదగల మనిషంటే ధనవంతుడే. కాబట్టి గౌరవమైన బొమ్మ కావాలని అడిగిన నల్లవాళ్లు తమకు తెలియకుండానే ధనవంతుడి బొమ్మను అడిగినట్టయింది. కూలివాడికి ఆ గౌరవంలో చోటు లేకుండా పోయింది.

ఈ విశ్లేషణతో మాకు చాలావరకు ఏకీభావమే. ఒక్కచోట పేచీ ఉంది. నల్లవాళ్ల సంతోషాన్ని ఈ పండితులు ఎక్కువగా చిక్కుగానే చూశారు. తన ఇంటిని తెరమీద చూసినప్పుడల్లా వెక్కిరింపే చూసినవాడు, ఒక్కసారి గౌరవంగా చూసుకుని పొంగిపోవటం మోసపోవటం గాదు. అది బాకీ వసూలు. ఒకే బొమ్మ తెల్లవాడికి బాధ్యత నుంచి విడుదల పత్రమైంది, నల్లవాడికి ఆలస్యంగా దక్కిన మర్యాద అయింది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. తప్పు పొంగిపోయినవాడిది గాదు, ఆ బొమ్మను అడ్డం పెట్టుకుని చేతులు కడుక్కున్నవాడిది.

ఆ విడుదల పత్రం విలువెంతో చరిత్రే తేల్చింది. రోడ్నీ కింగ్ అనే నల్లమనిషిని కొట్టిన పోలీసులను 1992 ఏప్రిల్ 29న జ్యూరీ దాదాపు అన్ని అభియోగాల నుంచీ వదిలేసింది. లాస్ ఏంజెలిస్ భగ్గుమంది. 50 మందికి పైగా చనిపోయారు. 'కాస్బీ షో' ఆఖరి భాగం ప్రసారమైంది ఆ మర్నాడే, ఏప్రిల్ 30న. బయట నగరం కాలుతుంటే టీవీలో హక్స్‌టబుల్ కొడుకు పట్టభద్రుడవుతున్నాడు.

అంతటితో ఆగలేదు. 2004 మే 17న, బడుల్లో జాతి వేర్పాటును కొట్టేసిన బ్రౌన్ తీర్పుకు 50 ఏళ్లు నిండిన సభలో, కాస్బీయే లేచి పేద నల్లవాళ్లను తిట్టిపోశాడు. పిల్లల్ని పెంచటం చేతగాదని, తమ వంతు తాము చెయ్యటం లేదని అన్నాడు. తెల్ల ప్రేక్షకుడు సోఫాలో కూర్చుని అనుకున్నమాట ఇప్పుడు నల్లవాడి నోటనే వచ్చింది. పైకొచ్చినవాడు తన బొమ్మను తానే నమ్మితే జరిగేది ఇదే.

ఇంకొక సంగతి దాటెయ్యటానికి వీల్లేదు. కాస్బీ మీద లైంగిక దాడి ఆరోపణలు చేసిన స్త్రీలు 50 మందికి పైనే. 2018లో ఒక కేసులో కోర్టు అతన్ని దోషి అన్నది. 2021లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. కారణం, కేసు పెట్టబోనని వెనకటి ప్రాసిక్యూటర్ ఇచ్చిన మాట. ఆ స్త్రీలు అబద్ధమాడారని కోర్టు అనలేదు. 'అమెరికా తండ్రి' అన్న బొమ్మ ఎంత గట్టిదంటే, వాళ్ల మాట చెవికెక్కటానికి ఏళ్లు పట్టింది. జాతి గౌరవం పేరుతో ఒక మగవాడి బొమ్మను కాపాడితే దాని ఖరీదు కట్టేది ఆడవాళ్లే. ఇది మన ఉద్యమాలకూ తగిలే మాట.

ఇక మన సంగతి. మాలో ఒకరు తన వాడలో మొట్టమొదట డిగ్రీ చదివినవాడు. సెలవులకు ఊరికి పోతే, ఏనాడూ కుర్చీ వెయ్యని ఆసామి పిలిచి కుర్చీ వేశాడు. సంతోషమే! తర్వాత వాడ పిల్లల్ని పిలిచి, "వాణ్ణి చూడండ్రా, చదువుకోలా? మీకేం రోగం?" అన్నాడు. ఆ పిల్లల తల్లులు ఆయన పొలంలోనే నాట్లు వేస్తున్నారు, ఆయనిచ్చే కూలికే. వేసిన కుర్చీ మావాడికోసం గాదు, ఆ పిల్లల్ని కొట్టటానికి. యూనివర్సిటీ హాస్టల్లోనూ ఇదే పాట: "మీలో కలెక్టర్లున్నారు గదా, ఇంకా రిజర్వేషన్లెందుకు?" స్ప్రింగ్‌ఫీల్డ్ తెల్లాయన మాటకు, దీనికి భాష ఒక్కటే తేడా.

ఈ మాట కోర్టులకూ ఎక్కింది. 1992 నవంబరులో మండల్ తీర్పులో సుప్రీంకోర్టు బి.సి.లకు క్రీమీలేయర్ పెట్టింది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ తీర్పులో ఏడుగురిలో నలుగురు న్యాయమూర్తులు అది ఎస్.సి.లకు కూడా ఉండాలన్నారు. మాలో వెనకబడ్డ కులాలు తమ వాటా తాము అడగటం న్యాయం. అది వేరు. పైకొచ్చిన ఒక్కణ్ణి చూపించి మిగతావాళ్ల ఆకలిని కొట్టెయ్యటం వేరు. ఈ రెంటినీ కలిపేస్తున్నవాళ్ల పట్ల జాగ్రత్తగా ఉండాలి.

అందుకే సినిమా గానీ సీరియల్ గానీ చూసినప్పుడు 'మనల్ని మంచిగా చూపించారా' అన్న ప్రశ్న దగ్గర ఆగిపోవద్దు. చూసినవాడు టీవీ కట్టేశాక ఏమంటున్నాడో వినాలి. ఆ పని జాలీ, లూయిస్‌లు చేశారు. మన హాస్టళ్లలో, వాడల్లో, ఊళ్లోని పెద్దిళ్లలో కూడా ఎవరో ఒకరు చెయ్యాలి. ఈ పత్రిక చదివే విద్యార్థులకు, అయ్యవార్లకు మేం అప్పజెప్పే పని అదే. ఒక సీరియల్ ఎంచుకోండి, నాలుగు వీధుల్లో కూర్చుని జనంతో కలిసి చూడండి. ఎవరు ఎక్కడ నవ్వారో, నవ్వి ఏమన్నారో రాసి పంపండి.