ఎవరి జుట్టు ఎవరి చేతిలో? - ‘గుడ్ హెయిర్’ సినిమా మీద నాలుగు మాటలు

‘మంచి జుట్టు’ అన్న మాటలోనే పేచీ ఉంది. ఒకరిది మంచిదయితే ఇంకొకరిది చెడ్డది కావాల్సిందే గదా! అమెరికా నల్లజాతి హాస్యనటుడు క్రిస్ రాక్ 2009లో తెచ్చిన డాక్యుమెంటరీ ‘గుడ్ హెయిర్’ ఈ పేచీతోనే మొదలవుద్ది. తనకి మంచి జుట్టు ఎందుకు లేదని చిన్న కూతురు అడగడమే ఆయన్ని కదిలించిందట.

సినిమా చేసిన మేలు ముందు చెప్పుకోవాలి. జుట్టు సాపు చేసే రిలాక్సర్లలో సోడియం హైడ్రాక్సైడ్, అంటే సబ్బుల తయారీలో వాడే కాస్టిక్ సోడా, ఉంటదని బయటపెట్టింది. వెంట్రుకలోని గంధకపు బంధాలు తెగితేనే రింగు సాపు అయ్యేది. అదే మందులో అల్యూమినియం డబ్బా కరిగిపోవడం తెర మీద చూస్తాం.

మా అభ్యంతరం నవ్వు దగ్గర. సాపు జుట్టు కోసం డబ్బు తగలేసే ఆడవాళ్ల మీద నవ్వినంతగా, ఆ జుట్టు లేకపోతే ఉద్యోగం ఇవ్వని వాళ్ల మీద సినిమా నవ్వదు. సహజమైన జుట్టుని బట్టి పనిలో, బడిలో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా 2019లో ‘క్రౌన్’ చట్టం చేయాల్సి వచ్చింది. చట్టం కావాల్సి వచ్చిన చోట అది వట్టి సోకు ఎట్లా అవుద్ది? 2022లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు 33 వేల మందికి పైగా స్త్రీల వివరాలు పరిశీలించారు. ఈ మందులు వాడనివాళ్లలో 70 ఏళ్లలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమయితే, ఏడాదిలో నాలుగుసార్లకి మించి వాడినవాళ్లలో 4.05 శాతమని అంచనా వేశారు. మందే కారణమని ఇది రుజువు చేయదు. కానీ కొట్టిపారేసే లెక్క కూడా కాదు.

సినిమా తిరుమలకీ వస్తుంది. మొక్కు చెల్లించినవాళ్లకి పైసా రాదని, జుట్టు మాత్రం అమ్ముడుపోయి సముద్రాలు దాటుతుందని చెబుతుంది. అక్కడే ఆగిపోతుంది. కల్యాణకట్టలో కత్తి పట్టిన చేతికి ఒక కులం ఉంది. తల మీద ఉన్నప్పుడు మొక్కు, కత్తికి తెగితే మైల, వేలానికి పోతే సరుకు. ఈ మూడింటి మధ్య కూర్చుని గొరిగే మనిషి సినిమాకి ఆనలేదు. అక్కడ రింగుల జుట్టుని చెడ్డదన్నదీ, ఇక్కడ మంగలి చేతిని తక్కువదన్నదీ పుట్టుకని బట్టి మనిషికి వెలకట్టే చూపే.

మన ఊళ్ల పార్లర్లలో ఇప్పుడు స్మూతెనింగ్, కెరాటిన్ బోర్డులు వెలిశాయి. చేయించుకునే చెల్లెళ్లని మేం నిందించం. డబ్బా మీద చదవమంటాం. మిథిలిన్ గ్లైకాల్ అని రాసి ఉంటే, ఇస్త్రీ వేడికి అది ఫార్మాల్డిహైడ్ ఆవిరిని వదులుద్ది. ‘లై లేదు’ అని రాసినంత మాత్రాన ఘాటైన క్షారం లేదని కాదు. కొనేవాళ్లు ఆ ఆవిరి పీల్చేది ఒక పూట, పని చేసే పిల్ల పీల్చేది రోజంతా. ఏ డబ్బా మంచిదని అడిగే ముందు, మన జుట్టు చెడ్డదని ఎవరన్నారో అడుగుదాం.