నాలుగో నెల అధిపతి

బైబిల్లో పేర్ల పట్టిక రాగానే పేజీ తిప్పేసే అలవాటు చిన్నప్పుడు నాకూ ఉండేది. అది మాన్పించింది మా నాన్న. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. "నోటీసు బోర్డు మీద డ్యూటీ లిస్టు ఎలా చూస్తామో అలా చదవాలి. ప్రతి పేరూ ఎవరో ఒకరి ఇంటిది" అనేవాడు.

దినవృత్తాంతముల మొదటి గ్రంథం 27వ అధ్యాయం అచ్చంగా డ్యూటీ లిస్టే. దావీదు తన సైన్యాన్ని 12 భాగాలు చేశాడు. భాగానికి 24,000 మంది, ఒక అధిపతి, ఏడాదికి ఒక నెల సేవ. మొత్తం 2,88,000 మందిలో ఏ నెలలోనైనా కొలువులో ఉండేది ఒక్క భాగమే. మిగతావాళ్ళకి పొలం, మంద, పిల్లాజెల్లా. తెలుగు బైబిలు దీనికి 'వంతు' అనే మాట వాడింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. నైట్ డ్యూటీ చేసొచ్చినవాళ్ళు నిద్రపోతుంటే వీధిలో పిల్లలు ఆట ఆపేస్తారు. ఆదివారం ఆరాధనలో ఎవరో ఒకరి చోటు ఖాళీగా ఉంటుంది. వాళ్ళ వంతు ఆ పూట పట్టాల మీద.

నాన్న చెప్పినట్టు ఒక్కో పేరు దగ్గరా ఆగి, అంతకుముందు ఎక్కడ విన్నానో వెతకడం నేర్చుకున్నాను. ఆ అధిపతుల్లో చాలామంది 11వ అధ్యాయంలోని పరాక్రమశాలులే. నాలుగో నెల దగ్గర మాత్రం ఉలిక్కిపడ్డాను. అక్కడున్నది యోవాబు తమ్ముడు అశాహేలు. దావీదు ఇంకా హెబ్రోనులో యూదా వారికి మాత్రమే రాజుగా ఉన్నప్పుడే అబ్నేరు ఈటెకు బలైపోయినవాడు. చనిపోయినవాడు నెల డ్యూటీ ఎలా చేస్తాడు? జవాబు ఆ పక్కనే ఉంది: అతని తరువాత అతని కొడుకు జెబద్యా.

జెబద్యా పేరొక్కటే రాసినా లెక్క సరిపోయేది. రాసినవారు తండ్రి పేరు కొట్టేయలేదు. సైన్యాన్ని నిలబెట్టింది 24,000 అనే అంకె ఒక్కటే కాదని, పోయినవాడి చోటును గుర్తుపెట్టుకున్న మనసు కూడా అని నేను నమ్ముతాను.

పోయిన ఆదివారం బైబిలు క్లాసులో ఆ వచనం ఒక కుర్రాడి వంతుకు వచ్చింది. తండ్రి పోయాక కారుణ్య నియామకంలో రైల్వేలో చేరినవాడు, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. రెండు పేర్లూ చదివి ఆగాడు.

"పోయాక కూడా పేరు ఉంచారా, మాస్టారూ?"

"ఉంచారు, బాబూ."

ఆ వచనం మళ్ళీ చదివాడు, ఈసారి నెమ్మదిగా.